అడ్డపొగ

ఆటోనగర్‌లో మా గదికి కిటికీల్లేవు.
ఇరవై నోళ్ళున్న యంత్రం ఒకటుండేది.
నిమిషానికో దమ్ము,
దమ్ముకి రెండు సెకన్లు,
ముప్పై అయిదు మిల్లీలీటర్లు.
ఒక్కనాడూ దగ్గలేదది.
ఇంట్లో పోట్లాడొచ్చిన రోజున
ఇంకాస్త గట్టిగా లాగడమూ తెలీదు దానికి.

నా పని చిల్లులు పెట్టడం.
ఫిల్టరు చుట్టూ, కంటికానని చిల్లులు,
రెండు వరసలు, లేజరుతో.
చిక్కటి మజ్జిగలో నీళ్ళు పోసినట్టు
పొగలో కాస్త గాలి కలపడమేనయ్యా,
అన్నారు మొదటిరోజున సోమయాజులు గారు.
ఆయనకి పొగ వాసనే పడదు,
జేబులో ఎప్పుడూ రెండు యాలకులు.

తారు
పద్నాలుగు మిల్లీగ్రాముల నుంచి ఆరుకి దిగిన సాయంత్రం
పూర్ణా మార్కెట్ నుంచి కాజాలు తెప్పించారు.
గుండ్రటి వడపోత కాగితాన్ని
పటకారుతో ట్యూబులైటు కిందికెత్తి చూశాను.
నిన్నటిదాకా తాటిబెల్లం రంగు,
ఇవాళ రెండోసారి కాచిన టీ.
ఎవరి ఊపిరితిత్తో
నా చేతుల్లో తేటపడినట్టు
గర్వంగానే ఉండింది, అబద్ధమెందుకు.

గేటు దగ్గర దాలయ్య.
సముద్రం మీంచొచ్చే గాలికి ఆరిపోకుండా
పిడికిట్లో దాచి కాలుస్తాడు.
నా రెండు వరసలూ
అతని బొటనవేలి కింద,
చూపుడువేలి కింద.
'ఏటి బావూ, వొట్టి గాలి పీల్సినట్టుంది,
రెండు కాలిస్తే గాని ఒకటి కాల్సినట్టుండట్నేదు.'
రాసుకున్నాను.
రిపోర్టులో వేళ్ళకి గడి లేదు.

పెదజాలారిపేటలో కాసులమ్మ పెద్దమ్మ
ఎండు నెత్తళ్ళు ఏరుతోంది,
నోట్లో అడ్డపొగ.
నిప్పు లోపల, చుట్ట కొస బయట,
పెదాలు కుట్టేసినట్టు మూసి
ఆ సందులోంచే నన్ను తిడుతోంది
పండక్కి రాలేదని.
ఇలా ఎందుకే అని చిన్నప్పుడడిగితే
గాలికి ఆరదు, రెండు సేతులూ కాళీగుంటాయి, అంది.
ఇంతకంటే పొదుపైన డిజైను
నేనెక్కడా చదవలేదు.

కొత్త పెట్టె చేతికిచ్చాను.
ఒకటి తీసి, ముట్టించి,
అలవాటుగా తిరగేసింది.
నిప్పు నోట్లోకి పోయింది.
నా ఫిల్టరు బయట మిగిలింది,
తెల్లగా, బుద్ధిగా,
పాపం, బంగాళాఖాతపు గాలిని వడగడుతూ.

నాలుగు దమ్ములు లాగి ఇసకలో గుచ్చేసింది.
'ఉప్పు నేని కూర.'

నోరు తెరవమన్నాను.
నవ్వింది, సిగ్గుపడింది, తెరిచింది.
సున్నం కొట్టిన గోడలా అంగిలి,
దాని మీద ఎర్రెర్రని చుక్కలు.
సన్నని చిల్లుల్లాంటివి.
లెక్కపెట్టబోయాను
(చేతికున్న రోగం అది)
పదకొండు దగ్గర ఆగిపోయాను.

కేజీహెచ్‌లో చీటీ రాయించాను.
వంజరం ధర పడిపోయిన రోజు చూసుకుని
వెళ్తానంది.

సోమవారం ఎవరూ రాకముందే
ఇరవై సిగరెట్లకి చిల్లుల మీద టేపు చుట్టాను
దాలయ్య వేళ్ళంత వెడల్పున.
దమ్ములు రెట్టింపు పొడుగు పెట్టాను.
యంత్రం చెప్పినట్టు వింది, ఎప్పటిలాగే.
కాగితం మీదికి తిరిగొచ్చింది
తాటిబెల్లం,
కాదు, ఇంకా ముదురు,
ఓడరేవు పక్క డాబాల మీద
తెల్లారేసరికి పరుచుకునే దుమ్ము రంగు.

సోమయాజులు గారు కళ్ళజోడు పైకి తోసుకుని
'ఈ అంకె ఏమిటోయ్?' అన్నారు.
గదిలో యాలకుల వాసన.

'టేపు... పొరపాటున అతుక్కుందండి.'

ఆయన కొట్టేశారు, ఎర్ర సిరాతో, ఒకే గీత.
నిమిషమైంది.
ఇరవై నోళ్ళూ
మళ్ళీ బుద్ధిగా దమ్ము లాగాయి.
నేనూ ఊపిరి తీసుకున్నాను,
ముప్పై అయిదు మిల్లీలీటర్లో,
ఇంకా తక్కువో.